పక్షుల తెగులు – గడప దాటుచున్న ప్రమాదము



తెల్లవారుజామున కోడి కూయగా మేల్కొనుట మనకు తరతరముల అలవాటు. ఒకనాడు ఆ కూత వినబడలేదనుకొనుడు. ఇల్లాలు దొడ్డిలోనికి పోయి గంప యెత్తి చూచును. నాలుగు పెట్టలును ఒక పుంజును మెడలు వాల్చి పడియుండును. నిన్నటి సాయంకాలము అవి గింజలు తిన్నవే. ఏమి వచ్చి చచ్చినవో ఎవరికిని తెలియదు. ఇప్పుడు ఆ యింటివారు ఆ కోళ్లను ఏమి చేయవలెను? నేటి నా ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు సమాధానము. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక నున్న విషయము చిన్నది కాదు.

మొదట నా తప్పు నొకదానిని చెప్పుకొందును. నేను బడిపంతులుగా నున్న కాలమున మా యూర ఒక చలికాలము కోళ్లు వరుసగా చచ్చినవి. నలుగురు వచ్చి నన్నడిగిరి. నేను పుస్తకము మూయకయే, “ఇది ఏటేట వచ్చు కొక్కెర తెగులే, పదునైదు దినములలో తానే పోవును” అని చెప్పితిని. పంతులుగారు చెప్పిరి గదా యని ఎవరును పశువైద్యునికి కబురు పంపలేదు. చచ్చిన కోళ్లను కొందఱు కాలువలో వైచిరి. కొందఱు పెంటదిబ్బమీద పాఱవైచిరి. కుక్కలు వానిని వీధుల వెంట ఈడ్చుకొని పోయినవి. కొనయూపిరితో నున్నవానిని కోసి వండుకొన్నవారును కలరు. భగవంతుని దయవలన ఎవరికిని కీడు కలుగలేదు. అది కొక్కెర తెగులే యైయుండవచ్చును, కాకపోవచ్చును. తెలిసికొనవలసిన దినమున తెలిసికొనలేదు గనుక ఇక నెన్నటికిని తెలియదు. తెలియని దానిని తెలిసినట్లు చెప్పితిని. అదియే నా తప్పు. తరువాత ఈ విషయమును గూర్చి చదివినకొలది ఆ తప్పు ఎంతటిదో నాకు బోధపడినది.

పత్రికలలో బర్డ్ ఫ్లూ అని వ్రాయబడుచున్న ఈ పక్షుల తెగులు క్రొత్తది కాదు. 1878లో ఇటలీ దేశమున పెరొంచీటో అను పండితుడు కోళ్లమందలను నిశ్శేషముగా చంపుచున్న యొక మారిని వర్ణించెను. ఆ మారియు, మనుష్యులకు జలుబును జ్వరమును దెచ్చు ఇన్‌ఫ్లూయెంజాయు ఒకే కుటుంబమునకు చెందినవని 1955లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు షేఫర్ నిరూపించెను. దీనికి కారణము వైరస్ అను అతిసూక్ష్మమైన విషాణువు. దీనికి సహజమైన నివాసము బాతులు మున్నగు నీటిపక్షుల దేహము. బాతు ప్రేగులలో ఇది తఱచు ఏ బాధయు కలిగింపక నివసించి, రెట్టతో బయటికి వచ్చి, చెఱువునీటిలో చేరి, ఆ నీరు త్రాగిన వేఱొక పక్షిలో ప్రవేశించును. నీరెంత చల్లగా నున్న అంత ఎక్కువకాలము అది చెడక నిలుచును. ఇట్లు యుగయుగములుగా బాతునకును విషాణువునకును ఒకవిధమైన సంధి జరిగియున్నది. అదే విషాణువు కోళ్లలో ప్రవేశించినప్పుడు ఆ సంధి యుండదు. అందును వేలకొలది కోళ్లు ఒకేచోట క్రిక్కిఱిసియున్నప్పుడు దానికి అడ్డు లేదు. అట్టిచోట్లనే మెత్తని జాతి క్రూరమైన జాతిగా మాఱుచుండును. అట్టి క్రూరమైన జాతి సోకినచో రెండుమూడు దినములలో మంద యంతయు నశింపవచ్చును.

ఈ మార్పు ఎట్లు కలుగునో మనకు తెలిసిన యుపమానముతో చెప్పెదను. ఈ విషాణువును ఎనిమిది ఆకులు గల తాళపత్రగ్రంథ మనుకొనుడు. దాని గుణములన్నియు ఆ యెనిమిది ఆకులలో వ్రాయబడియున్నవి. అది ఏ ప్రాణి దేహములో ప్రవేశించినను తనకు ప్రతులు వ్రాసికొనుటయే దాని పని. కాని ఈ లేఖకుడు త్వరపడి వ్రాయువాడు, వ్రాసినదానిని సరిచూచుకొనడు. కావున ప్రతి ప్రతిలోను ఒకటిరెండు తప్పులు దొరలును. ఆ తప్పులలో పెక్కు నిష్ప్రయోజనములు. ఎప్పుడైన నొక తప్పు ఆ విషాణువునకు క్రొత్త ప్రాణిలో బ్రదుకు నేర్పును. ఇది మొదటి మార్గము. రెండవది ఇంకను చిత్రమైనది. రెండు వేఱు గ్రంథముల కట్టలు ఒకేచోట విప్పినచో ఒకదాని ఆకులు మఱొకదానిలో కలియును గదా. అట్లే ఒక ప్రాణికి పక్షుల విషాణువును మనుష్యుల విషాణువును ఒకేసారి సోకినచో, వాని ఆకులు కలిసి ఎవరును చూడని క్రొత్త గ్రంథమొకటి పుట్టవచ్చును. 1957లోను, 1968లోను లోకమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లూయెంజాలు ఇట్లే పక్షుల ఆకులు కొన్ని చేరుటవలన పుట్టినవని శాస్త్రజ్ఞులు తేల్చిరి. అంతకు పూర్వము 1918లో వచ్చి, మన దేశమున కోటిమందికి పైగా పొట్టనబెట్టుకొన్న విషజ్వరమునకు మూలమైన విషాణువు ఆకులును పక్షుల జాతినుండి వచ్చినవే యని వారి యభిప్రాయము. పిట్ట కొంచెము, కూత ఘనము అన్న సామెత ఈ విషయమున తలక్రిందులుగా నిజమైనది.

నేడు లోకమును కలవరపెట్టుచున్న జాతికి హెచ్5ఎన్1 అని పేరు. హెచ్ అనునది విషాణువు పైపొరమీది తాళపుచెవి వంటిది. దానితో అది దేహకణముల తలుపు తెఱచును. ఎన్ అనునది పని ముగిసిన పిమ్మట బయటపడుటకు దారి కోయు కత్తెర వంటిది. వీనిలో రకములు పెక్కు గలవు గనుక అంకెలతో గుర్తింతురు. ఈ జాతి 1996లో చైనా దేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున పెంపుడు బాతుల వంటి హంసజాతి పక్షులలో కనబడెను. మఱుచటి యేడు హాంగ్‌కాంగ్ నగరమున 18 మంది మనుష్యులకు సోకి ఆఱుగురిని చంపెను. అచ్చటి ప్రభుత్వము పదునైదు లక్షల వఱకు కోళ్లను చంపించి ఆనాటికి దానిని ఆపగలిగెను. కాని మూలము నశింపలేదు. 2003 మొదలు ఆసియా దేశములలో మరల చెలరేగెను. 2005లో చైనాలోని చింఘాయ్ సరస్సునొద్ద వేలకొలది వలసపక్షులు చచ్చినవి. వానిలో తలమీద నల్లని పట్టెలు గల బాతులు పెక్కు. ఆ జాతి బాతులే హిమాలయములను దాటి చలికాలమున మన దేశపు చెఱువులకు వచ్చును. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమున నవాపూర్ కోళ్లలో ఈ తెగులు మన దేశమున మొట్టమొదట బయటపడెను.

ఇంతవఱకు పక్షుల కథ. ఇక అసలు విషయమునకు వత్తును. పాలిచ్చి పిల్లలను పెంచు జంతువులను క్షీరదములందుము. ఆవు, పిల్లి, పులి, మనుష్యుడు, అందఱము ఆ వర్గమువారమే. పక్షుల తాళపుచెవి మన తాళమునకు సులభముగా పట్టదు. అందువలననే ఇన్నాళ్లు మనము బ్రదికియున్నాము. కాని ఈ విషాణువు ఒక్కొక్క క్షీరదమును తట్టి చూచుచున్నది.

2004లో థాయిలాండు దేశమునందలి యొక పులుల ప్రదర్శనశాలలో పచ్చి కోడిమాంసము మేపిన పులులకు ఈ తెగులు సోకెను. ఉన్నవి 441 పులులు. వానిలో 147 చచ్చుటయో, చంపబడుటయో జరిగెను. పులికి పులికి నడుమ కూడ సోకినట్లు పరీక్షించినవారికి కనబడెను. 2022లో స్పెయిను దేశమున మింక్ అను ముంగిసవంటి జంతువులను ఉన్నికొఱకు పెంచు నొకచోట గూటినుండి గూటికి ఇది ప్రాకెను. సుమారు 52 వేల జంతువులను చంపివేయవలసి వచ్చెను. 2023లో పెరూ, చిలీ దేశముల తీరమున సముద్రసింహములు వేలకొలది ఒడ్డునబడి చచ్చినవి. అదే యేడు అర్జెంటీనా దేశపు వాల్డెస్ ద్వీపకల్పమున ఏనుగుసీలు లను జలజంతువుల పిల్లలు 17 వేలకు పైగా నశించినవి. ఆ సంవత్సరము పుట్టిన పిల్లలలో మిగిలినవి బహుస్వల్పము. తల్లులు పిల్లలను విడిచి సముద్రములోనికి పోయెననియు, ఒడ్డంతయు కళేబరములతో నిండెననియు చూచినవారు వ్రాసిరి.

వీనికన్న మనము ఎక్కువగా ఆలోచింపవలసినది ఆవుల సంగతి. 2024 మార్చిలో అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సస్, కాన్సస్ ప్రాంతముల పాడియావులు మేత తగ్గించినవి. పాలు తగ్గి, ఉన్న పాలు చిక్కబడి పసుపువన్నె కెక్కినవి. పరీక్షింపగా హెచ్5ఎన్1 అని తేలినది. ఆవునకు ఈ జాతి సోకునని అంతకుముందు ఎవరును ఎదురు చూడలేదు. విచిత్రమేమన, విషాణువు ఊపిరితిత్తులలో కంటె పొదుగులో అధికముగా నున్నది. పాలు పితుకు యంత్రములు ఒక యావునుండి మఱొక యావునకు దానిని చేర్చినవి. కాచని పాలు త్రాగిన ఆ పాడిశాలల పిల్లులు కన్నులు కనబడక తూలి చచ్చినవి. 2025 నాటికి వేయికి పైగా పాడిమందలకు ఇది సోకినట్లు లెక్క తేలినది. అచ్చట ఆవులవలనను కోళ్లవలనను సుమారు 70 మంది మనుష్యులకు సోకెను. పెక్కుమందికి కన్నులు ఎఱ్ఱబడుటతో పోయినది; 2025 జనవరిలో లూసియానా రాష్ట్రమున వయసు మీఱిన రోగి యొకరు మరణించిరి.

ఇవి పరదేశపు కథలని చెవిన పెట్టకుండుటకు వీలులేదు. 2024 డిసెంబరులో మన పొరుగున నాగపూరునొద్ద గోరేవాడ రక్షణకేంద్రమున మూడు పులులును ఒక చిఱుతపులియు ఈ తెగులుతోనే చచ్చినవి. మఱుసటి నెలలోనే మధ్యప్రదేశపు ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో ఇది కనబడెను. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కోళ్లు దీనివలన కుప్పలుగా చచ్చుట మీరెల్లరు వినియేయుందురు.

ఇంతకును జంతువులు చచ్చినచో మనుష్యునికేమి భయమని యెవరైన అడుగవచ్చును. సమాధానము సులభము. ఈ విషాణువునకు ప్రతి క్షీరదదేహము ఒక బడి. పక్షిలో నేర్చిన విద్య మనకడ పనికిరాదు. ఆవులో, పిల్లిలో, మింకులో నేర్చిన విద్య మనకు మఱింత సమీపమైనది. ఎన్ని దేహములలో ప్రవేశించిన అన్ని పాఠములు. ఎన్ని పాఠములైన అంతగా, ఏదో యొకనాడు మన తాళమునకు సరిపడు చెవి దానికి దొరకుట కవకాశము. నేను ముప్పదియేండ్లకు పైగా బడి చెప్పినవాడను. మందబుద్ధి యగు విద్యార్థియైనను దినదినము బడికి వచ్చుచుండిన ఒకనాడు పాఠము నేర్చునని నాకనుభవము. ఈ విద్యార్థి నేర్వకుండవలెనన్న బడి మూయుటయే యుపాయము.

నేటివఱకు మనుష్యునినుండి మనుష్యునికి ఇది ధారాళముగా వ్యాపింపలేదు. ఒకే యింట దగ్గఱగా నుండి ఉపచారము చేసినవారికి సోకిన సందర్భములు బహుస్వల్పముగా గలవు. మన ముక్కు గొంతుకలలోని తలుపులు దీనికి తెఱచుకొనవు. దీనికి పట్టు తలుపులు ఊపిరితిత్తుల లోతునను కంటిపొరయందును ఉన్నవి. అందుచేతనే ఇది సోకుట అరుదు. లోతునకు దిగినచో ప్రాణాంతకము. 2003 మొదలు 2025 వఱకు లోకమున లెక్కకు వచ్చిన రోగులు తొమ్మిదివందలకు పైబడినవారు. వారిలో సగమునకు దగ్గఱగా మరణించిరి. స్వల్పముగా సోకి లెక్కకు రానివారును ఉందురు గనుక అసలు నిష్పత్తి ఇంతకు తక్కువ కావచ్చును. అయినను మన దేశమున 2021లో హర్యానాకు చెందిన యొక బాలుడును, 2025 మార్చిలో మన ఆంధ్రప్రదేశమున ఒక పసిబిడ్డయు దీనివలన కన్నుమూసిరి. ఆ పసిబిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్కను నోట పెట్టుకొనినట్లు పత్రికలు వ్రాసినవి. ఇంటింట వంట జరుగువేళ పిల్లలు చుట్టును ఆడుచుందురు. ఈ మాట తలచినప్పుడెల్ల నాకు కంట నీరు నిలువదు.

చరకసంహిత విమానస్థానమున జనపదములను నాశనము చేయు రోగములను గూర్చి ఒక అధ్యాయము కలదు. భిన్నప్రకృతులు గల జనులందఱు ఒకేసారి ఏల రోగగ్రస్తులగుదురని శిష్యుడడుగగా, గాలి, నీరు, దేశము, కాలము అను నాలుగును అందఱకు సామాన్యములు గనుక అవి చెడినప్పుడు అందఱును చెడుదురని గురువు చెప్పెను. చెడిన నీటిని నీటిపక్షులు విడిచిపోవుననియు అందే కలదు. విషాణువు సంగతి వారికి తెలియకపోవచ్చును. కాని పక్షుల బాగును, నీటి బాగును, మనుష్యుల బాగును ఒకే త్రాటి పోగులని వారెఱుగుదురు. వీనికెల్ల మూలము తెలిసి చేయు తప్పు, అనగా ప్రజ్ఞాపరాధమని కూడ ఆ గ్రంథము చెప్పుచున్నది. చచ్చిన కోడిని దాచిపెట్టుట అట్టి యపరాధమే.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. గంపక్రింద చచ్చిన కోళ్లను ఏమి చేయవలెను?

మొదటిది: ఊహింపవలదు; కబురు పంపవలెను. కొక్కెర తెగులునందు మెడ మెలిదిరుగును, కాళ్లు రెక్కలు పడిపోవును, ఆకుపచ్చని రెట్ట పడును. పక్షిజ్వరమునందు తురాయియు తమ్మెలును నీలివన్నె కెక్కును, తల వాచును, ఏ లక్షణమును లేకయే హఠాత్తుగా చచ్చుటయు కలదు. కాని ఈ లక్షణములు ఒండొంటితో కలిసిపోవును. కంటితో చూచి పశువైద్యుడే చెప్పజాలడు, పంతులెట్లు చెప్పగలడు? భోపాలునందలి ప్రభుత్వ పరిశోధనాలయము పరీక్షించి తేల్చవలెను. కొక్కెర తెగులునకు మందు వేయించినచో, ఆ తరువాత వచ్చు చావులను శంకించుట సులభమగును.

రెండవది: చచ్చినదానిని వట్టిచేతులతో ముట్టవలదు. కాలువలో వేయుట, కుక్కలకు పిల్లులకు వేయుట, రోగముతోనున్నదానిని కోసి వండుట, ఈ మూడును మానవలెను. కాలువలో వైచినచో క్రిందియూరివారికి పంపినట్లే. పిల్లికి వైచినచో బడి తెఱచినట్లే. ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగు వేసికొని, లోతైన గోతిలో సున్నముతో పూడ్చవలెను. పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఈ విషాణువునకు పైపొర క్రొవ్వు. సబ్బు దానిని కరగించును.

మూడవది: బాతులను కోళ్లను ఒకచోట కలుపవలదు. కోతలైన వరిపొలములలో బాతులమందలను ఊరూర త్రిప్పువారు మన డెల్టాలయందు గలరు. వారి జీవనము నాశనము కావలెనని నేను చెప్పను. కాని రోగము లేనట్లు కనబడు బాతు దానిని మోయవచ్చును. థాయిలాండు దేశమున 2004లో ఇది వ్యాపించుటకును వరిపొలముల బాతులకును సంబంధము గలదని పరిశోధకులు గుర్తించిరి. కావున ఊర తెగులున్న దినములలో మందలను ఊరిచెఱువులోనికి దింపకుండ పెద్దలు నచ్చజెప్పవలెను.

నాలుగవది: అనవసరముగా భయపడవలదు. 70 డిగ్రీల వేడికి ఈ విషాణువు నిలువదు. ముక్కలోపలివఱకు బాగుగ ఉడికిన మాంసమువలనను, గట్టిగ ఉడికిన గ్రుడ్డువలనను, కాచిన పాలవలనను భయము లేదు. పాలు పొంగించి త్రాగు మన యిండ్ల ఆచారము ఎంత మేలైనదో అమెరికా పిల్లుల కథవలన తెలియుచున్నది. భయపడి కోడిమాంసమంతయు మానినచో కోళ్ల పెంపకముమీద బ్రదుకు కుటుంబములు చితికిపోవును. భయము వేఱు, జాగ్రత్త వేఱు. కోళ్లు చచ్చిన యింట ఎవరికైన జ్వరమో, దగ్గో, కంటియెఱుపో వచ్చినచో మాత్రము కోళ్ల సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను. ఆ మాట చెప్పనిచో ఆయనకు తోచదు.

మన జనులు కబురు పంపుటకు ఏల వెనుదీయుదురో నేనెఱుగుదును. తెగులు నిజమని తేలినచో కిలోమీటరు దూరములోని కోళ్లన్నిటిని చంపింతురు. పది కిలోమీటర్ల వఱకు కనిపెట్టియుందురు. అట్లు చంపించిన పక్షులకు ప్రభుత్వము పరిహారమిచ్చును. అయినను పేదరాలికి తన పెట్ట పెట్టయే. పైగా ఊరిమీదికి తెగులు తెచ్చినదని ఇరుగుపొరుగు నిందింతురను భయము. ఈ భయమును తీర్చుట పశువైద్యుని వలన కాదు, పోలీసువారి వలన కాదు. అది మీ వలననే యగును. “తెలిపినవారిని ఊరు నిందింపదు, దాచినవారినే నిందించును” అని రచ్చబండమీద మీరొక్క మాట యనినచో అది చట్టముకన్న బలమైనది. పరిహారము చేతికందువఱకు ఆ యింటి పక్షమున నిలిచి అడుగువాడు ఒక పెద్ద యున్నచో, రెండవయేడు కబురు తానే వచ్చును.

ఆ చలికాలమున నన్నడుగ వచ్చినవారికి నేను పుస్తకము మూసి, “నాకు తెలియదు, తెలిసినవానిని పిలువనంపుడు” అని చెప్పియుండవలసినది. ఆ నాలుగు మాటలు నాకు ఇన్నేండ్లకు నేర్పడినవి. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట మనకెందుకు? మీ గడపకు రేపెవరైన చచ్చిన కోడి సంగతి చెప్ప వచ్చినచో, వారిని పొమ్మనక, కూర్చుండబెట్టి వినుడు. వినిన గంటలోనే కబురు పంపుడు.